కారు బీగాలు, రైలు బీగాలు: ఉగాది రోజు మా బండి అద్దం ఎందుకు పగిలింది



పోయిన ఉగాది భోజనాల రోజు హాలు బయట ఒక పాత తెల్ల కారు అద్దం పగలగొట్టడం మీలో చాలామంది చూశారు. అది మా కారే. లోపల ఉన్నది మా మనవడు, మూడేళ్ళవాడు. అప్పటినుంచి ఎవరు కనబడినా "అసలేం జరిగింది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క చెప్పుకుంటూ వచ్చాము. ఇప్పుడు మొత్తం రాస్తున్నాము. మేము రాసేవన్నీ పాతకాలపు సంగతులే అని మీకు తెలుసు కదా, ఇది కూడా అటు తిరిగే వస్తుంది. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

కొత్తగా చేరినవాళ్ళకు ఒక మాట. మేము అంటే ఇద్దరం. రాసేవాడు హోసూరు పక్క పల్లెలో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివి, రైల్వేలో గూడ్స్ గుమాస్తాగా పని చేసి రిటైర్ అయినవాడు. తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాడు. పక్కన కూర్చుని ఒత్తులు, దీర్ఘాలు దిద్దేది చిత్తూరు ఆవిడ. తప్పులు మిగిలితే ఆవిడ లెక్కలో రాసుకోండి.

ఆ రోజు బండి హాలు ముందు నిలిపి, ఇంజను ఆపి, బీగంచెవి స్టీరింగు దగ్గరే వదిలి ఇద్దరం దిగాము. పులిహోర గిన్నెలు డిక్కీలో ఉన్నాయి. అవి దించి, తర్వాత పిల్లవాణ్ణి దించుదామని. వాడు వెనక సీట్లో బెల్టు కట్టుకుని నిద్రపోతున్నాడు. డ్రైవర్ వైపు తలుపు కొంచెం గట్టిగా వేశాము. టక్ మని నాలుగు తలుపుల బీగాలూ ఒక్కసారిగా పడిపోయాయి. మేము ఏ బటనూ నొక్కలేదు. రెండో బీగంచెవి ఇంట్లో ఉంది, ట్రాఫిక్‌లో గంట ప్రయాణం. అద్దాలు పూర్తిగా ఎత్తి ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండు దాటింది. మూసిన కారు ఎండలో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడెక్కుతుందని అప్పుడు మాకు తెలియదు, తర్వాత చదువుకున్నాము. వాడు లేచి ఏడవడం మొదలుపెట్టాడు. ఒకరు ఇనుప స్కేలు తెమ్మన్నారు, ఒకరు మెకానిక్కుకు ఫోన్ చేశారు. మన వాచ్‌మన్ మాత్రం ఎవరినీ అడగకుండా పక్క బండిలోంచి వీల్ స్పానర్ తెచ్చి, పిల్లవాడికి దూరంగా ఉన్న ముందు ఎడమ అద్దం మీద ఒక్కటి వేశాడు. మొత్తం ఏడు నిమిషాలు. గడియారం చూసింది ఆవిడ. మనవడికి ఏమీ కాలేదు. ఆ ఏడు నిమిషాలు మాత్రం మాకు ఇంకా కలలో వస్తూనే ఉన్నాయి.

బీగం అంటున్నాము కదా, ఆ మాట సంగతి చెప్పి ముందుకు పోతాము. మా హోసూరు ఇళ్ళలో, రాయలసీమలో కూడా, బీగం, బీగంచెవి అంటారు. కోస్తావాళ్ళకు అది తాళం, తాళంచెవి. ఇక్కడ కన్నడంలో బీగ, బీగద కై. మాకు బడిలో నేర్పింది పూట్టు, సావి. ఆ సావి తమిళం మాటే అనుకునేవాళ్ళం. అది పోర్చుగీసువాళ్ళు ఓడలో తెచ్చిన మాట అని, హిందీ చాబీ కూడా దాని తోబుట్టువే అని చాలా ఏళ్ళకు తెలిసింది. 'సెంట్రల్ లాక్'కు మాత్రం ఏ భాషలోనూ సొంత మాట పుట్టలేదు. అది వచ్చి ఎన్నాళ్ళయిందని!

కానీ లోపల మనుషులుండగా బయటినుంచి బీగం పడటం మాత్రం కొత్త సంగతి కాదు. రైళ్ళ మొదటి రోజుల్లో అదే పద్ధతి. యూరప్‌లో ప్రయాణికులు కదిలే బండిలోంచి దిగకుండా, టికెట్ లేనివాళ్ళు ఎక్కకుండా పెట్టెల తలుపులకు బయట బీగం వేసేవాళ్ళు. 1842 మే 8న ఫ్రాన్స్‌లో రాజుగారి పండుగకని వర్సాయ్ తోటలకు వెళ్ళిన జనం సాయంత్రం పారిస్‌కు తిరిగి వస్తున్నారు. మ్యూదోన్ దగ్గర ముందు ఇంజను ఇరుసు విరిగింది. వెనక పెట్టెలు దాని మీదికి ఎక్కాయి, ఇంజను నిప్పు అంటుకుంది. పెట్టెలు కొయ్యవి. తలుపులకు బీగాలున్నాయి. యాభైమందికి పైగా లోపలే కాలిపోయారు. దక్షిణ ధ్రువం వైపు ఓడల్లో తిరిగి వచ్చిన ద్యూమో దుర్విల్ అనే పేరున్న నావికుడు కూడా వాళ్ళలో ఉన్నాడు, భార్యతో, కొడుకుతో సహా. భూగోళం చుట్టి వచ్చినవాడు పారిస్ పొలిమేరలో ఒక బీగం తెరుచుకోక పోయాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో ప్రయాణికులను పెట్టెలో పెట్టి బీగం వేయడం మానేశారు. మన పెట్టెల్లో ఎర్ర రంగు వేసిన ఎమర్జెన్సీ కిటికీ ఉంటుంది, చూశారు కదా. మెట్రో రైలు తలుపు పక్కన ఎమర్జెన్సీ హ్యాండిల్ ఉంటుంది. చాలామంది దాన్ని బ్యాగు తగిలించే కొక్కెంలా చూస్తారు. అక్కడ ఎందుకు పెట్టారో తెలిస్తే అలా చూడరు.

ఇది ఫ్రాన్స్ కథే అయితే ఇంత రాయం. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరునుంచి హైదరాబాదు పోయే ఏసీ బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టుకు కొట్టుకుని మంటల్లో చిక్కుకుంది. నలభై అయిదుగురు పోయారు. దీపావళికి నాలుగు రోజుల ముందు. ఇక్కడ పని చేసుకుంటూ పండక్కి ఊరికి బయలుదేరిన పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. ఆ బస్సు కిటికీలు తెరిచేవి కావు, మూసేసిన అద్దాలు. తలుపు తెరుచుకోలేదని, అద్దాలు పగలగొట్టడానికి చేతికి ఏమీ దొరకలేదని పేపర్లలో చదివాము. మన సంఘంలోనూ ఆ వారం ఎవరూ దీపాలు పెట్టడానికి మనసు రాక కూర్చున్నది పాతవాళ్ళకు గుర్తుంటుంది. అంత చదివి, అంత బాధపడి, మా సొంత కారు తలుపు గురించి మాత్రం ఒక్క రోజు ఆలోచించలేదు. మా కోపం మా మీదే.

రైల్వేవాళ్ళు బీగాల గురించి తక్కువ ఆలోచించారని అనుకోకండి. మనుషుల మీద వేసే బీగం తీసేశారు గానీ, లివర్ల మీద, పట్టాల మీద బీగాలు పెంచుకుంటూ పోయారు. ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లో పేటెంటు తీసుకున్న ఇంటర్‌లాకింగ్ సంగతి ఇదే: పట్టా ఒక వైపు తిప్పి ఉండగా రెండో వైపు సిగ్నల్ లివర్ లాగితే రాదు. ఇనుమే వద్దంటుంది. ఒంటి లైన్లలో నీల్స్ టోకెన్ పెట్టెలు వచ్చాయి. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు, మధ్యలో కరెంటు తీగ. ఒక స్టేషన్లో ఇనుప బంతి బయటికి తీశారంటే, అది మళ్ళీ ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండో బంతి ఏ వైపునుంచీ రాదు. చేతిలో బంతి లేనిదే డ్రైవర్ బండి కదిలించడు. కరెంటుతో దూరంగా ఉన్న బీగాన్ని పట్టి ఉంచడం, వదలడం అంటే అదే. మీ కారులోని సెంట్రల్ లాక్‌కు తాత అనుకోవచ్చు.

ఆ తాతకు ఒక గట్టి గుణం ఉంది. చెయ్యెత్తు సిగ్నల్ చూసే ఉంటారు. దాన్ని లాగే తీగ తెగిపోతే చెయ్యి తన బరువు దిమ్మె వల్ల తనంతట తాను అడ్డంగా నిలబడుతుంది. అడ్డంగా ఉంటే 'ఆగు' అని అర్థం. చెడిపోవడం తప్పదు, చెడిపోతే ఏ వైపు చెడాలి అన్నది ముందే తీర్మానం చేసి పెట్టుకున్నారు. గూడ్స్ ఆఫీసు కిటికీలోంచి ముప్పై ఏళ్ళు ఆ చేతులు చూస్తూ కూర్చున్నా, ఆ తీర్మానం ఎంత పెద్దదో మా కారు నేర్పేదాకా తెలియలేదు.

కారు బీగాలకు అలాంటి పెద్దలు దొరకలేదు. అవి సౌకర్యం కోసం పుట్టాయి. అమెరికాలో స్క్రిప్స్-బూత్ అనే ఖరీదైన కారులో 1914లోనే కరెంటు బీగాలు పెట్టారు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1956లో ప్యాకార్డ్ కంపెనీ మళ్ళీ తెచ్చాక వాడకం పెరిగింది. మెర్సిడెస్ వాళ్ళు చాలా ఏళ్ళు కరెంటు మోటార్లు కాదని గాలి పీల్చే గొట్టాలతో తలుపులు మూసేవాళ్ళు. ఇంజను ఆపినా ఆ గొట్టాల్లో కాసేపు పీల్చే శక్తి మిగిలి ఉండేది. గొట్టానికి చిల్లి పడితే మెకానిక్కు ఆ ఉస్సుమనే శబ్దం వెతుక్కుంటూ చెవి పెట్టి తిరగాలి. దూరంనుంచి నొక్కే రిమోట్ 1982లో రెనో ఫ్యూగోలో వచ్చింది. కనిపెట్టినవాడి పేరు పాల్ లిప్‌షుట్జ్. అందుకే ఫ్రెంచివాళ్ళు ఆ రిమోట్‌ను 'ప్లిప్' అంటారు.

మన దగ్గర అంబాసిడర్, పద్మినీ కాలంలో నాలుగు తలుపులకు నాలుగు పిడులు. దిగేటప్పుడు ఇంటి పెద్ద చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ లాగి చూసేవాడు. మారుతి 800 1983 డిసెంబరులో వచ్చినా బీగాల సంగతి అంతే. తర్వాత తొంభైల్లో బెంగళూరులో జేసీ రోడ్డు మీద బయటి కిట్ల కాలం వచ్చింది. సీటు కవర్లు, స్టీరియో, హారన్, సెంట్రల్ లాక్, అన్నీ ఒకే షాపులో, ఒకే మధ్యాహ్నం. షాపుల్లో కన్నడం, తమిళం, ఉర్దూ, తెలుగు అన్నీ నడిచేవి. బేరం మాత్రం మనకు రాని భాషలోకి మారిపోయేది. మా బండి 1999లో కొన్నది. పేరు చెప్పము, తప్పు దానిది కాదు. కంపెనీ బీగాలు మామూలువే, కొన్న నెలలోనే పైకిట్ వేయించుకున్నాము. ఆ షాపు ఇప్పుడు లేదు.

ఆ కిట్ ఎలా పని చేస్తుందో తెలిస్తే మిగతా కథ సులభం. నాలుగు తలుపుల్లో నాలుగు చిన్న మోటార్లు. మూడింటికి రెండేసి వైర్లు. డ్రైవర్ తలుపుదానికి మాత్రం అయిదు, ఎందుకంటే అందులో మోటారుతోపాటు ఒక స్విచ్చి కూడా ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద ఒక డబ్బా, అందులో రెండు రిలేలు. మామూలుగా మోటారు రెండు వైర్లూ మైనస్‌లోనే ఉంటాయి. మూయమంటే ఒక వైరుకు సెకను లోపు ప్లస్ ఇస్తుంది, తెరవమంటే రెండోదానికి. మోటారు ఆ పక్కకో ఈ పక్కకో ఒక్క తోపు తోసి ఊరుకుంటుంది. డ్రైవర్ తలుపులో బీగం తిప్పగానే అక్కడి స్విచ్చి డబ్బాకు హుకుం పంపుతుంది. మిగతా మూడు తలుపులు నౌకర్లు.

ఉగాది తర్వాత ఒక ఎలక్ట్రీషియన్ డబ్బా మార్చాడు. రెండు వారాలు బాగుంది, మళ్ళీ బీగాలు వాటంతట అవే పడ్డాయి. ఇంకొకాయన డ్రైవర్ తలుపు మోటారు మార్చాడు. మూడో ఆయన ఫ్యూజు చాలడంలేదని పెద్దది వేయబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. మంచిపని చేసింది. ఫ్యూజు పెద్దదైతే ఈసారి కాలేది వైరు. మొత్తం ఆరువేల చిల్లర అయింది, జబ్బు మాత్రం అక్కడే ఉంది.

చివరికి సిగ్నల్ డిపార్ట్‌మెంటులో మెయింటెయినర్‌గా పని చేసి రిటైర్ అయిన మా మిత్రుడు ఒక ఆదివారం వచ్చాడు. బానెట్ ఎత్తలేదు, డబ్బా విప్పలేదు. కాఫీ తాగి అడిగాడు.

"అన్నా, బీగం పడినప్పుడు నాలుగూ ఒక్కసారే పడతాయా?"

"నాలుగూ ఒక్కసారే."

"అయితే మోటార్లు చూడొద్దన్నా. నాలుగు మోటార్లకూ ఒకేసారి రోగం రాదు. డబ్బా చెప్పినమాట వింటా ఉంది. డబ్బాకు హుకుం ఎవరిచ్చారో చూడు."

తర్వాత ఆయన చెప్పింది మాకు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు. సిగ్నల్ సర్క్యూట్లలో బ్యాటరీ ప్లస్ గానీ మైనస్ గానీ భూమికి కలపరట. పోయే తీగ వేరు, తిరిగొచ్చే తీగ వేరు. ఒకచోట తొక్క ఊడి ఇనుముకు తగిలితే ఏమీ కాదు. రెండోచోట కూడా తగిలితేనే తప్పుడు హుకుం పుడుతుంది. అందుకే మొదటిది తగిలినప్పుడే పట్టుకోవాలని మెగ్గర్ పట్టుకుని ఎండలో తీగలు పరీక్ష చేస్తూ తిరిగేవాళ్ళు. కారు అలా కాదు. రాగి మిగులుతుందని కారు రేకునే తిరుగు తీగగా వాడతారు. బండి ఒళ్ళంతా మైనస్. మా కిట్ డబ్బాకు హుకుం అంటే ఏమిటి? వైరు మైనస్‌కు తగలడం. అంటే ఆ వైరు తొక్క ఎక్కడ ఊడినా, రేకుకు ఒక్కసారి ఆనితే చాలు, డబ్బా దాన్ని 'మూయి' అన్న హుకుంగానే తీసుకుంటుంది. యజమాని చెప్పాడా, తుప్పు చెప్పిందా అని దానికి తెలియదు.

"ఒక్క తప్పుకే హుకుం పుట్టేటట్టు కట్టినారన్నా దీన్ని" అన్నాడు. మా మిత్రుడికి అది అవమానంలా తోచింది, ముఖం చూస్తే తెలిసింది.

డ్రైవర్ తలుపు తెరిచి, మడత దగ్గర తలుపుకూ బండికీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం వెనక్కి లాగాడు. లోపల వైర్ల కట్ట. రోజుకు పదిసార్లు తలుపు తీసి వేశామనుకున్నా పాతికేళ్ళకు తొంభై వేలు దాటింది లెక్క. తొక్క పెంకులు పెంకులుగా రాలింది. ఒక గోధుమరంగు వైరు రేకుకు కొట్టిన రంధ్రం అంచు మీదే ఆని ఉంది. ఆ అంచుకు రబ్బరు వాషర్ వేయకుండా పాతికేళ్ళ కింద ఎవరో తొందరలో లాగేశారు. రాగి పోగులు బయటికి మెరుస్తున్నాయి. తలుపు మెల్లగా వేస్తే అవి అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఆగుతాయి. గట్టిగా వేస్తే తగులుతాయి. ఉగాది రోజు మేము గట్టిగా వేశాము.

పాత బండ్లు ఉన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఆయన చూసిన క్రమం రాస్తున్నాము. నాలుగు తలుపులూ చచ్చిపోతే ముందు ఫ్యూజు, తర్వాత డబ్బా మైనస్ వైరు బండికి బిగించిన చోటు. అక్కడ తుప్పు గీకి బిగిస్తే సగం రోగాలు పోతాయి. ఒక్క తలుపే పలకకపోతే ఆ తలుపు వైర్లు లేక ఆ మోటారు, డబ్బా జోలికి పోవద్దు. డబ్బాలో టక్ మని రిలే పలుకుతున్నా తలుపు కదలకపోతే బ్యాటరీ చూడండి, తర్వాత మోటారు. ఇంజను ఆపి కొంతసేపయ్యాక బ్యాటరీ పన్నెండున్నర వోల్టుల దగ్గర ఉండాలి. పన్నెండుకు దిగితే బీగాలు బద్ధకిస్తాయి. తలుపు సగం తెరిచి, పూర్తిగా తెరిచి, ఊపుతూ నొక్కి చూడండి. ఒక కోణంలో పని చేసి ఇంకో కోణంలో చేయకపోతే మడత దగ్గరి వైరు అని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. మాలాగా బీగాలు వాటంతట అవే పడుతుంటే డ్రైవర్ తలుపు కనెక్టరు పీకి రెండు రోజులు తిరగండి. ఆగిపోతే హుకుం ఆ తలుపులోంచే పుడుతోంది. వానాకాలంలోనే వస్తే తలుపు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు ఆకులతో పూడుకున్నాయేమో చూడండి. ఊపితే తలుపులో గళగళమని నీళ్ళ శబ్దం వస్తుంది. మన కాలనీ చెట్ల కింద నిలిపే బండ్లకు ఇది మామూలు. మోటారు గూటిలోకి నీళ్ళు పోతే ఇక ఎవరూ కాపాడలేరు.

వైరు అతికేటప్పుడు తెగినచోటే మెలిపెట్టి టేపు చుట్టొద్దు. మడతలో ఆ ముడే మళ్ళీ తెగుతుంది. రెండు వైపులా మంచి రాగి వచ్చేదాకా కత్తిరించి, మెత్తగా వంగే సన్నపోగుల కొత్త వైరు కొంచెం వదులుగా పెట్టి, అతుకు తలుపు లోపల పడేటట్టు చూసి, సోల్డరు చేసి స్లీవ్ తొడగాలి. మాకు అయిన సామాను ఖర్చు నూట ఎనభై రూపాయలు. మిత్రుడు కూలి తీసుకోలేదు. ఆవిడ చేసిన ఉలవచారు మాత్రం డబ్బాలో పోసుకుని పోయాడు.

బాగయ్యాక ఒకటి ఒప్పుకోవాలి. వైరు తప్పు వైరుదే గానీ, బీగంచెవి లోపల వదిలింది మేము. వెనక తలుపుల చైల్డ్ లాక్ కూడా వేసే ఉంది, అంటే వాడు బెల్టు విప్పుకున్నా లోపలినుంచి ఆ తలుపులు తెరుచుకునేవి కావు. చైల్డ్ లాక్ తీసేయాలా అని మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది. కదిలే బండిలో మూడేళ్ళవాడు తలుపు తీస్తే? అని కోడలు అడుగుతుంది. దానికి మా దగ్గర జవాబు లేదు. ఫ్రాన్స్‌లో బీగాలు వేసినవాళ్ళు కూడా అదే మాట అని ఉంటారు. ప్రస్తుతానికి చైల్డ్ లాక్ ఉంచాము. ముగ్గురి దగ్గరా మూడు బీగంచెవులు ఉన్నాయి, గేరు పక్కన అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఉంది, దిగేటప్పుడు పులిహోర కంటే ముందు మనవడు దిగుతాడు.

వచ్చే రెండో ఆదివారం పొద్దున తొమ్మిదికి మా మిత్రుడు మళ్ళీ వస్తానన్నాడు. పదేళ్ళు దాటిన బండ్లు ఉన్నవాళ్ళు హాలు వెనక ఖాళీ స్థలంలోకి తీసుకురండి. ఎండెక్కకముందే ఏడెనిమిది బండ్లు చూడొచ్చు. టెస్ట్ ల్యాంపు, మల్టీమీటరు మా దగ్గర ఉన్నాయి. రబ్బరు వాషర్లు ఒక పొట్లం కొని పెట్టాము. వాచ్‌మన్‌కు ఆ రోజు టిఫిన్ మా లెక్కలో.